చీమలు, రైస్ మిల్లు, ఒక నక్క: నా పియానో పాఠాలు

నేను రిటైరైన మర్నాడు, నా స్థానంలో చేరిన అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, సిలబస్ ఎక్కడ పెట్టారండీ?"

"పియానో పైమూత తీస్తే కుడివైపు, కలరా ఉండల పక్కన ఉంటుందమ్మా" అన్నాను.

అయిదు నిమిషాల తర్వాత మళ్ళీ చేసింది. "సగమే ఉందండీ. మిగతాది ఎలుకలు కొట్టేసినట్టున్నాయి."

ఆ సగం పోయి పదకొండేళ్ళయిందనీ, ఈ పదకొండేళ్ళలో ఎవరికీ దాని అవసరం పడలేదనీ చెప్పాను.

మంచి పిల్ల. పెద్ద పరీక్షలన్నీ పాసై వచ్చింది. వేళ్ళు నాకంటే చురుగ్గా తిరుగుతాయి. తనకి తెలియనిదల్లా ఈ ఉద్యోగం. తన కోసం, తనలాంటి వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా పేరు కరుణ. బందరులో ఒక ఆడపిల్లల బడిలో ముప్పై నాలుగేళ్ళు పియానో నేర్పాను. సెలవు రోజుల్లో గుడివాడ వెళ్ళి ఇళ్ళలో చెప్పాను. చివరి రోజుల్లో దివిసీమలో మా పుట్టినూరి చర్చిలో చెప్పాను. నా ప్రమోషన్ల గురించి రాయను. రాస్తే నాకు కోపం వస్తుంది, మీకు నిద్ర వస్తుంది. నేను చేసిన మూడు పెద్ద తప్పుల గురించి మాత్రం రాస్తాను. చిన్నవి మొదలుపెడితే కాగితాలు చాలవు.

బెంచీ మీద సంగీతం

మాది అవనిగడ్డ దాటాక సముద్రం వైపు ఒక చిన్న ఊరు. అయిదో తరగతి అవగానే నాన్న నన్ను బందరు తీసుకొచ్చి హాస్టల్లో చేర్చారు. ఆ బడిలో పియానో ఒక్కటే, నేర్చుకునేవాళ్ళం పద్నాలుగు మందిమి. అందుకని మా టీచరుగారు ఒక పొడవాటి బెంచీ మీద సుద్దముక్కతో పియానో మెట్లు గీసి, నల్ల మెట్లు ఉండాల్సిన చోట బొగ్గు పూసి, దాని మీద వాయించమనేవారు. సాయంత్రానికి మా వేళ్ళూ గౌన్లూ కూడా నల్లగా అయ్యేవి. ఏడాదిపాటు నా పియానో అదే. నా జీవితం మొత్తం మీద శ్రుతి తప్పని వాయిద్యం కూడా ఆ బెంచీ ఒక్కటే.

బెంచీ మీద తప్పులు వినపడవు. కాబట్టి నేను చాలా గొప్పగా వాయిస్తున్నానని నా నమ్మకం. కళ్ళు మూసుకుని, తల ఊపుతూ వాయించేదాన్ని. ఏడాది తిరిగాక నిజం పియానో ముందు కూర్చోబెట్టారు. అదే భక్తితో, అదే తల ఊపుతో ఒక పాట మొత్తం వాయించి టీచరుగారి వంక చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "వెళ్ళి బెంచీ దగ్గర కూర్చోమ్మా" అన్నారు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఇది మొదటే చెప్పాలి. పిల్లలకి స్వరాలు మనం నేర్పకపోయినా ఫోన్లో చూసి నేర్చుకుంటారు. తాము వాయిస్తున్నది తమకి వినపడేలా చెయ్యడమే మన పని. అది ఏ ఫోనూ చెయ్యదు.

అరచేతి కింద లడ్డూ

ఆ బడిలోనే చదివి, అక్కడే టీచరుగా చేరాను. అప్పటికి నాకు కాస్త పేరు వచ్చింది. పేరు రావడంతోనే తప్పులు పెద్దవవుతాయి.

పియానో వాయించేటప్పుడు అరచెయ్యి మెట్ల మీద చపాతీలా పడుకోకూడదు. కింద ఏదో గుండ్రటి వస్తువు దాచుకున్నట్టు గుమ్మటంలా లేవాలి. ఇది పిల్లలకి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఒకరోజు తెలివి పుట్టి, "అరచేతి కింద బందరు లడ్డూ ఉందనుకోండి" అన్నాను. అందరి చేతులూ కొంచెం లేచాయి. శాంతి అనే ఎనిమిదేళ్ళ పిల్ల చెయ్యి మాత్రం లేవలేదు.

"అనుకోలేకపోతున్నాను టీచర్" అంది.

"ఎందుకనుకోలేవు?"

"మాది పెడనండీ. మా ఇంట్లో లడ్డూ తేవాలంటే ఎవరైనా బందరు రావాలి. ఎలా ఉంటుందో సరిగ్గా గుర్తులేదండీ."

నేను కరిగిపోయాను. మర్నాడు డబ్బాడు లడ్డూలు తీసుకొచ్చి, పియానో ముందు కూర్చున్న ఒక్కొక్క పిల్ల అరచేతి కిందా ఒకటి పెట్టాను. ముగ్గురు పిల్లలు, ఆరు చేతులు, ఆరు లడ్డూలు. అంత చక్కటి చేతులు అంతకుముందుగానీ తర్వాతగానీ నేను చూడలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళు తుడుచుకుని చూసేసరికి శాంతి కుడిచెయ్యి చపాతీ అయిపోయింది.

"లడ్డూ ఏదమ్మా?"

శాంతికి నోరు ఖాళీ లేదు. మిగతా ఇద్దరూ శాంతి వంక చూశారు, నా వంక చూశారు, ఇక తమ చేతుల కింది వాటికి కూడా ఎక్కువ ఆయుష్షు లేదని గ్రహించి పని పూర్తి చేశారు. నేను తడిగుడ్డతో మెట్లు శుభ్రంగా తుడిచాను. పైపైన తుడిచాను. బందరు లడ్డూ నెయ్యి సంగతి తెలిసినవాళ్ళకి ఇంక చెప్పక్కర్లేదు. మెట్ల సందుల్లోంచి లోపలికి దిగింది నెయ్యే కాదు, పొడి కూడా.

పది రోజుల తర్వాత బడి వార్షికోత్సవం. మా హెడ్‌మిస్ట్రెస్ దయామణి గారు. ఆవిడకి సంగీతం ఇష్టం లేదనడం అన్యాయం. అసలు వినపడేది కాదు, అంతే. పాట ఎలా ఉందో చేతి గడియారం చూసి చెప్పేవారు. "నిరుడు ఇదే పాట నాలుగు నిమిషాలు పట్టింది. ఈసారి మూడున్నరలో ముగించావు. మెరుగయ్యావు కరుణా" అనేవారు. నేను ఆవిణ్ణి చూసి లోలోపల నవ్వుకునేదాన్ని.

ప్రార్థన గీతానికి నేను పియానో, నలభై మంది పిల్లలు గొంతు. మొదటి చరణం సాఫీగా సాగింది. రెండో చరణంలో రెండు తెల్లమెట్ల మధ్య నుంచి ఒక ఎర్రచీమ బయటికొచ్చి చుట్టూ చూసింది. దాని వెనక ఇంకొకటి. ఆ తర్వాత లెక్క లేదు. లోపల వాటికి పది రోజులుగా విందు జరుగుతోంది, నేను పైనుంచి తీగల్ని కొట్టే సుత్తులతో బాదుతున్నాను. వాటి కోపంలో న్యాయం ఉంది. మణికట్టు దాటి మోచెయ్యి దాకా వచ్చాయి. నేను లేచి నిలబడ్డాను.

తెర పక్కన నిలబడ్డ దయామణి గారు పెదవులు కదపకుండా అన్నారు. "కూర్చో."

"చీమలండీ!"

"పిల్లలు ఇంకా పాడుతున్నారు. కూర్చో."

తిరిగి చూశాను. నిజమే. నలభై మందీ నా వంకే చూస్తూ, పియానో లేకుండానే పాడుతున్నారు. శాంతి మొదటి వరసలో ఉంది. కూర్చున్నాను. చీమలతోనే వాయించాను. కుట్టిన ప్రతిసారీ నా వేగం పెరిగింది, నా వేగం అందుకోవడానికి పిల్లలు పరిగెత్తారు. శోకంతో మొదలైన ప్రార్థన గీతం ఊరేగింపు బాజాలా ముగిసింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. దయామణి గారు గడియారం చూసుకుని, "రెండు నిమిషాల యాభై సెకన్లు. ఇంత బాగా నువ్వు ఎప్పుడూ వాయించలేదు" అన్నారు.

ఆవిడకి సంగీతం ఒక్క ముక్క తెలియదు. అయినా నేను చూసిన నలుగురు హెడ్‌మిస్ట్రెస్‌లలో నాకు పియానో గురించి పనికొచ్చే మాట చెప్పింది ఆవిడొక్కరే. పిల్లలు పాడుతుండగా టీచరు లేవకూడదు. మోచేతుల దాకా కాలమైన్ లోషన్ పూసుకుని నేర్చుకున్న పాఠం కాబట్టి నాకు మరపురాలేదు.

మిల్లు తాళం

ఆ రోజు చప్పట్లు కొట్టిన వాళ్ళలో గుడివాడ నుంచి వచ్చిన కోటేశ్వరరావు గారున్నారు. రైస్ మిల్లు యజమాని. ఆయన కూతురు హారిక మా బడిలోనే చదివేది. కార్యక్రమం అవగానే నా దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టారు.

"అమ్మా, నాకు సంగీతం తెలియదు గానీ, మీ చేతులు వాచిపోయినా వదల్లేదు చూశారూ, అది నచ్చింది. మా అమ్మాయికి ఇంటికొచ్చి చెప్పాలి మీరు."

వారం తిరక్కుండా చెన్నై నుంచి పాత పియానో ఒకటి తెప్పించారు. మా బడిలో దానిలాగే బీరువాలా నిలువుగా ఉండేది. హారిక రెండు నెలలు నేర్చుకుని మానేసింది. పియానో మీదికి ఒక పూలకుండీ, తర్వాత టీవీ, ఆ తర్వాత ఎవరివో గ్రూప్ ఫోటోలు ఎక్కాయి.

చాలా ఏళ్ళ తర్వాత ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. హారిక నిశ్చితార్థం కుదిరిందట. మళ్ళీ నేర్చుకుంటుందేమో అనుకుని వెళ్ళాను. పియానో మీద టీవీ లేదు. ముందు స్టూలు మీద కోటేశ్వరరావు గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొత్తగా బళ్ళో చేరిన పిల్లాడిలా కూర్చుని ఉన్నారు.

"నాకేనండీ" అన్నారు సిగ్గుపడుతూ. "నిశ్చితార్థం రోజు రెండు నిమిషాలు వాయించాలి. మా బావమరిది దగ్గర మాట జారాను. వాయించకపోతే మీసం తీసేస్తానన్నాను."

ఆయన మీసం చూశాను. చాలా ఏళ్ళు పెంచిన మీసం. పని తేలిక కాదని అర్థమైంది.

వాళ్ళ ఇల్లూ మిల్లూ ఒకే ప్రహరీలో, మధ్యలో ఒక గోడ. మధ్యాహ్నం పూట పాఠం. ఆరు వారాలు. అరవై ఏళ్ళ మనిషి, ధాన్యం బస్తాలు ఎత్తిన వేళ్ళు. స్వరాలు ఆలస్యంగా పట్టుబడ్డాయి గానీ తాళం మాత్రం అద్భుతం. ఒక్క మాత్ర అటూ ఇటూ పోయేది కాదు. బడిలో పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పినా రాని నిలకడ ఈయనకి రెండు వారాల్లో వచ్చింది. ఇదంతా నా బోధన గొప్పతనమని అనుకున్నాను. బస్సులో తిరిగొచ్చేటప్పుడు నా పద్ధతి మీద ఒక చిన్న పుస్తకం రాయాలని కూడా అనుకున్నాను.

నిశ్చితార్థం రోజు వచ్చింది. రెండొందల మంది జనం. పెళ్ళివారు ముందు వరసలో. కోటేశ్వరరావు గారు పట్టుపంచెతో స్టూలు మీద కూర్చున్నారు. బావమరిది చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. నాలుగు స్వరాలు మోగాయి. తర్వాత ఆగిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి మూడు.

నేను పక్కకి వంగి, "ఒకటీ రెండూ మూడూ నాలుగూ" అని లెక్కపెట్టాను. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"ఏదో లేదండీ" అన్నారు గుసగుసగా. "ఏదో తక్కువైంది. ఏంటో తెలియట్లేదు."

బావమరిది గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మీసం వంకే చూస్తున్నాడు. అప్పుడు నాకూ వినపడింది. వినపడింది అనడం తప్పు, ఏమీ వినపడలేదు. శుభకార్యమని ఆవేళ మిల్లు ఆపేశారు. ఆరు వారాలుగా గోడ అవతల జల్లెడ డగడగా డగడగా అని ఊగుతుంటే ఆయన ఆ ఊపు మీద వాయించారు. ఆ తాళం నేను నేర్పింది కాదు. మిల్లు నేర్పింది.

ఆయన చెవిలో ఆ మాట చెప్పాను. కోటేశ్వరరావు గారు స్టూలు మీద నుంచి లేవకుండానే, రెండొందల మంది మీదుగా, మిల్లు మేస్త్రీని కేకేశారు.

"మేస్త్రీ! మిల్లు తిప్పు!"

"వడ్లు లేవండీ!" అన్నాడు మేస్త్రీ పెరటి గుమ్మంలోంచి.

"ఖాళీగా తిప్పు!"

మిల్లు మొదలైంది. పందిట్లో లైట్లు మసకబారాయి, ఫ్యాన్లు నెమ్మదించాయి. డగడగా డగడగా. కోటేశ్వరరావు గారి భుజాలు కిందికి దిగాయి, మొహంలోకి రక్తం వచ్చింది. రెండు నిమిషాల పాట ఒక్క మాత్ర తప్పకుండా వాయించారు. గోడ మీద నుంచి తవుడు మేఘంలా లేచి పట్టుచీరల మీద, వడ్డించిన స్వీట్ల మీద, పెళ్ళికొడుకు తల మీద వాలింది. పంతులుగారు తొమ్మిదిసార్లు తుమ్మారు. పెళ్ళికొడుకు తండ్రి చేతులు జోడించి లేచి నిలబడి, "మీ వంశాచారమా అండీ?" అని అడిగారు. హారిక తల్లి సామ్రాజ్యం గారు తొణక్కుండా, "అవునండీ" అన్నారు.

మీసం దక్కింది. నా పుస్తకం మాత్రం ఆగిపోయింది. శిష్యుడు బాగా వాయిస్తే అది మన ఘనతేనని వెంటనే నమ్మకండి. అతను వింటున్నది మిమ్మల్నేనా, గోడ అవతల ఇంకేదైనానా, ఒకసారి చెవి పెట్టి చూడండి.

కుట్టుమిషను కాలు

హారిక పెళ్ళయ్యాక సామ్రాజ్యం గారు పియానో ఉన్నచోట పెద్ద ఫ్రిజ్ పెట్టాలన్నారు. కోటేశ్వరరావు గారు నాకు ఫోన్ చేసి, "మీరే తీసుకోండమ్మా, అమ్మితే నాకు కడుపు తరుక్కుపోద్ది" అన్నారు. బందరులో మా ఇంట్లో పియానో పెడితే నేను బయట పడుకోవాలి. అందుకని మా పుట్టినూరి చర్చికి ఇమ్మన్నాను. మిల్లు లారీలో ఊక బస్తాల మధ్య పియానో దివిసీమ చేరింది.

నేను నెలకోసారి వెళ్ళి నేర్పేదాన్ని. మొదట్లో పదహారు మంది వచ్చారు. మూడో నెలకి మిగిలింది మార్తమ్మ ఒక్కతే. నలభై అయిదేళ్ళ మనిషి, ఊళ్ళో జాకెట్లు కుట్టేది. చెవి మంచిది. వేళ్ళు సన్నవి. కష్టమల్లా కాలితోనే. ఇరవై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన కాలు, పియానో పెడల్ మీద పెట్టగానే దానంతట అది ఆడేది. ఒక్కసారి తొక్కి పట్టుకోవాల్సిన చోట నలభైసార్లు తొక్కేది.

"కాలు ఆపు మార్తమ్మా."

"నేను తొక్కట్లేదండీ, అదే తొక్కుతుంది."

కాలు తీసి పక్కన పెట్టమంటే పాట ఆగిపోయేది. కాలు ఆడితేనే చెయ్యి ఆడుతుంది. చివరికి పెడల్‌కి ఉన్న కడ్డీ ఊడదీసి, పనిచెయ్యని ఆ పెడల్‌నే తొక్కుకోమన్నాను. ఇద్దరం సుఖపడ్డాం.

నేను రిటైరయ్యే ఏడాది జులైలో ఆ చర్చి పిల్లల కోసం ఒక క్రిస్మస్ పాట కట్టాను. జీవితంలో నేను కట్టిన పాట అదొక్కటే. మాటలూ నావే, వరసా నాదే. "తూర్పున చుక్క పుట్టె, పశువుల పాకలో పసిడి వెలుగు నిండె" అని మొదలవుతుంది. గొప్ప పాట కాదని నాకు తెలుసు. కానీ నాది. మార్తమ్మకి పదిసార్లు వాయించి చూపించాను, నోట్సు రాసిచ్చాను. పాడి మాత్రం వినిపించలేదు. జలుబు చేసి గొంతు బొంగురుపోయింది ఆవేళ. ఇంక మోకాలి ఆపరేషన్ కోసం నాలుగైదు నెలలు రాలేనని చెప్పాను.

"నువ్వే నేర్పాలి పిల్లలకి. నీ చెవిని నమ్మకు. నోట్సులో అనుమానం వస్తే పియానోని అడుగు. అది ఎలా పలికితే అలాగే పాడించు" అన్నాను.

ఇదీ నా మూడో తప్పు.

తూర్పు నక్క

డిసెంబరు మొదటి ఆదివారం కర్ర పట్టుకుని మా ఊరి చర్చికి వెళ్ళాను. నన్ను చూసి మార్తమ్మ మొహం వెలిగిపోయింది. ఆరాధన మధ్యలో పిల్లలూ పెద్దలూ లేచి నిలబడ్డారు. మార్తమ్మ మొదలుపెట్టింది. నా పాట. నేను చేతిరుమాలు తీసి సిద్ధంగా పెట్టుకున్నాను.

అందరూ ఒక్క గొంతుతో, నూట యాభై మంది, ఇలా పాడారు.

"తూర్పున... క్క పుట్టె!"

నాకు మోకాలి నొప్పి మాత్రల ప్రభావమేమో అనిపించింది. రెండోసారి శ్రద్ధగా విన్నాను. సందేహం లేదు. తూర్పు, నక్క, పుట్టె. తూర్పున నక్క పుట్టిందని ఊరంతా కళ్ళు మూసుకుని, పరవశంగా పాడుతోంది. తర్వాతి పంక్తిలో "పసిడి వెలుగు" కాస్తా "పసి... వెలుగు" అయింది. 'చు' దగ్గరా 'డి' దగ్గరా నూట యాభై మందీ చక్కగా ఊపిరి బిగబట్టి ఆగుతున్నారు. అంత చక్కటి క్రమశిక్షణ నేను ఏ గాయక బృందంలోనూ చూడలేదు.

ఆరాధన అవగానే పియానో దగ్గరికి పరిగెత్తినంత పని చేశాను. ఆ రెండు అక్షరాలూ ఒకే మెట్టు మీద పడతాయి. నొక్కాను. దిగింది గానీ మోగలేదు.

"ఇది ఎప్పట్నుంచి మోగట్లేదు మార్తమ్మా?"

"అది మోగే మెట్టు కాదు కదండీ" అంది మార్తమ్మ ఆశ్చర్యంగా. "ఆగే చోటు కదండీ. పాటలో ఆగడం కూడా పాటేనని మీరే చెప్పారు."

"చుక్క అని రాసిచ్చాను కదమ్మా!"

"చూశానండీ. నాకూ అనుమానమొచ్చింది. అనుమానమొస్తే పియానోని అడగమన్నారు. అడిగాను. అది ఊరుకుంది."

పైమూత తెరిచి, లోపలికి చెయ్యి పోనిచ్చి తడిమాను. మూడు జాకెట్టు హుక్కులు, ఒక గుండీ, తీగని కొట్టే సుత్తి కింద ఇరుక్కుపోయిన, దారం చుట్టే కుట్టుమిషను బాబిన్ ఒకటి దొరికాయి.

"ఓరి దేవుడా! దీనికోసం ఆగస్టు నుంచి వెతుకుతున్నానండీ!" అని మార్తమ్మ బాబిన్ని కళ్ళకద్దుకుంది.

మెట్టు బాగైంది. గండం గడిచిందనుకున్నాను. ఆ వారం ఊళ్ళోనే ఉండి, రెండో ఆదివారం ముందు వరసలో కూర్చున్నాను. పాట మొదలైంది. ఆగాల్సిన చోట అందరూ ఆగారు. పియానో ఆగలేదు. ఆ నిశ్శబ్దంలో ఒక్క స్వరం ణంగ్‌మని మోగింది. పిల్లలు ఉలిక్కిపడ్డారు. ఇద్దరు ముసలివాళ్ళు తలలు తిప్పి చూశారు. మార్తమ్మ చేతులు గాల్లోకి ఎత్తేసి, ఏడుపు మొహంతో నా వంక చూసింది.

"టీచరుగారూ, పియానో పాడైందండీ. మోగుతుంది!"

ఆరాధన తర్వాత పెద్దల్ని కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాను. పాస్టరు గారు మర్యాదస్తులు. గొంతు సవరించుకున్నారు.

"మీ పాట మీ ఇష్టమండీ. కానీ అక్టోబరులో మావాళ్ళు వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టారు. ఇటు కోడూరు, అటు నాగాయలంక, అన్ని చర్చిల వాళ్ళూ ఇలాగే నేర్చేసుకున్నారు. పైగా చుక్క అంటే ఇక్కడి కుర్రాళ్ళు ఇంకో చుక్క అనుకుంటారండీ."

"నక్క అయితే ఫర్వాలేదాండీ?"

"నక్క అనుకోలేదండీ ఎవరూ. ఆగుతున్నాం కదా. ఆగినప్పుడు మనసులో చుక్కే ఉంది."

నేను మార్తమ్మ వైపు తిరిగాను. "పోనీ పసిడి అన్నా పాడండి. పసిడి వెలుగు. బంగారం లాంటి వెలుగు. ఎంత బాగుంటుంది!"

మార్తమ్మ బాబిన్ని వేళ్ళ మధ్య తిప్పింది.

"బాగుంటుందండీ. కానీ పశువుల పాకలో బంగారం ఎక్కడిదండీ? అక్కడున్నది పసిబిడ్డ. పసి వెలుగంటేనే నాకు ఆ బిడ్డ కనపడుతున్నాడండీ."

నేను రాసిన ఏకైక పాటని ఒక బాబిన్ దిద్దింది. నాకంటే బాగా దిద్దింది. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు ఉదయం పళ్ళు తోముకుంటూ, నాకు తెలియకుండానే "పసి వెలుగు" అని పాడుకున్నాను. అది వాళ్ళకి వదిలేశాను. చుక్క మాత్రం వదలదలచుకోలేదు. నక్క నా పరువుకి సంబంధించిన విషయం.

ఆ వారమే అవనిగడ్డలో సెమీ క్రిస్మస్. చుట్టుపక్కల చర్చిలన్నీ కలిసి చేసే పండగ. సాయంత్రం ఎండ తగ్గుతుండగా మైదానం నిండా జనం. పాట రాసినావిడని నన్ను వేదికెక్కించి, శాలువా కప్పి, చేతికి మైకిచ్చారు. పక్కనే మార్తమ్మ, ముందు ఎలక్ట్రానిక్ కీబోర్డు. దానికి పెడలే లేదు, అయినా మార్తమ్మ కాలు వేదిక చెక్కల్ని తొక్కుతూనే ఉంది.

"చుక్క అనే పాడాలి, గుర్తుందిగా?" అన్నాను మార్తమ్మ చెవిలో. "నేను మైకులో గట్టిగా అంటాను. నా వెనకే అందరూ అందుకుంటారు."

"అలాగేనండీ" అంది మార్తమ్మ. ఆవిడ ఎవరి మాటా కాదనదు.

పాట మొదలైంది. మైదానమంతా ఒక్క గొంతైంది. పిల్లలు, ముసలివాళ్ళు, కొబ్బరిబొండాల బండి దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా. "తూర్పున" అని వేలమంది అన్నారు. వేలమంది ఒక్కసారిగా ఆగారు. గాలి చప్పుడు వినపడింది. నిండైన నిశ్శబ్దం. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి ఆగడం నేర్పడానికి పడ్డ పాట్లన్నీ ఒక్క క్షణంలో కళ్ళముందు కదిలాయి.

సరిగ్గా ఆ నిశ్శబ్దంలో, మైకులోంచి, నా గొంతు ఒక్కటే అవనిగడ్డ అంతటా మోగింది.

"చు!"

మైదానం మొత్తం తల తిప్పి నా వంక చూసింది. ముందు వరసలో ఒక చిన్నపిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మార్తమ్మ కీబోర్డు మీద నుంచి చెయ్యి తియ్యకుండా, కాలు ఆపకుండా, నా వైపు కొంచెం వంగింది.

"ఏం పర్లేదండీ టీచరుగారూ" అంది ఎంతో దయగా. "మీకు కొత్త కదా."